తారీఖును ఎవరితో చదివించాలి? పైథాన్‌లో ఏ పార్సర్ ఎప్పుడు

ఈ మూడు తారీఖులు చూడండి: 02-06-2014, 11-10-2016, 17-02-2019. తెలంగాణలో ఉన్నవాళ్లకు వీటిని విడమరిచి చెప్పక్కర్లేదు. మొదటిది రాష్ట్రం వచ్చిన రోజు. రెండోది కొత్త జిల్లాలు వచ్చిన రోజు. పాత నల్లగొండలోంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, పాత పాలమూరులోంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల ఆ రోజే విడిపోయాయి. మూడోది నారాయణపేట జిల్లా అయిన రోజు. ఇవే మూడు స్ట్రింగులను (టెక్స్ట్ ముక్కలను) పైథాన్ లైబ్రరీ డేట్‌యుటిల్‌లోని పార్సర్‌కు, అంటే టెక్స్ట్‌ను చదివి తారీఖుగా మార్చే పార్స్ ఫంక్షన్‌కు, ఇంకేమీ చెప్పకుండా ఇవ్వండి. తెలంగాణ 2014 ఫిబ్రవరి 6న వచ్చిందంటుంది. కొత్త జిల్లాలు 2016 నవంబర్ 10న వచ్చాయంటుంది. నారాయణపేటను మాత్రం సరిగ్గా ఫిబ్రవరి 17 అంటుంది. ఎర్రర్ రాదు, వార్నింగ్ కూడా రాదు.

కారణం తేలికే. ఆ ఫంక్షన్ అమెరికా పద్ధతిలో నెలను ముందు చదువుతుంది. 17వ నెల లేదు కాబట్టి ఆ ఒక్కచోట తనంతట తానే రోజు ముందు ఉందని సర్దుకుంటుంది. అంటే ఒకే కాలమ్‌లో కొన్ని వరసలు ఒక పద్ధతిలో, మిగతావి ఇంకో పద్ధతిలో చదవబడతాయి. తప్పులన్నీ 1 నుంచి 12 లోపు తారీఖుల్లోనే దాక్కుంటాయి. పైపైన పది వరసలు చూసి బాగానే ఉందనుకునే ప్రమాదం అందుకే ఎక్కువ.

మన దగ్గర ఇది కాగితం మీద తప్పుగానే ఆగదు. మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లు వే బ్రిడ్జి చీటీలో 04/11/2023 అని ఉందనుకోండి. అది వానాకాలం వడ్లు వచ్చే రోజు. నెల ముందు చదివితే ఏప్రిల్ 11 అవుతుంది, ఆ లోడు యాసంగి లెక్కలో పడుతుంది. సీజన్ వారీగా టన్నులు కూడితే రెండు మొత్తాలూ తప్పే. మొత్తం ఏడాది కూడిక మాత్రం సరిపోతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

అందుకే పార్సర్‌ను ఎంచుకునేటప్పుడు ఎన్ని రకాల తారీఖులు చదవగలదన్నది నేను తర్వాత చూస్తాను. తెలియనిది ఎదురైనప్పుడు ఆగుతుందా, ఊహిస్తుందా అన్నదే ముందు చూస్తాను. ఆగేవాటితో పని మొదలుపెట్టి, ఊహించేవాటిని మనిషి పక్కన కూర్చుని చూసే పనికే వాడమని నా సలహా. ఇక ఒక్కొక్కటీ చూద్దాం.

ఆగేవి: స్ట్రిప్‌టైమ్, ఐఎస్‌ఓ రీడర్

పైథాన్‌తోనే వచ్చే డేట్‌టైమ్ మాడ్యూల్‌లో స్ట్రిప్‌టైమ్ ఉంది. దానికి స్ట్రింగ్‌తో పాటు ఫార్మాట్ కూడా మీరే ఇవ్వాలి: రోజుకు చిన్న డి, నెలకు చిన్న ఎం, నాలుగంకెల ఏడాదికి పెద్ద వై, ప్రతి అక్షరం ముందు శాతం గుర్తు. స్ట్రింగ్ ఆ ఫార్మాట్‌తో పొసగకపోతే వాల్యూ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. తారీఖు అయిపోయాక ఒక్క అక్షరం మిగిలినా ఒప్పుకోదు. ఈ మొండితనమే దాని విలువ. ఫైల్ ఏ మెషీన్ నుంచి వచ్చిందో, ఏ సాఫ్ట్‌వేర్ రాసిందో తెలిస్తే ఇక వేరే ఆలోచన అక్కర్లేదు, ఇదే వాడండి.

అయితే కళ్లు మూసుకుని నమ్మకూడని చోట్లు దీనిలోనూ ఉన్నాయి. అన్నిటికంటే ప్రమాదమైనది గీతలు, చుక్కలు లేని ఎనిమిదంకెల తారీఖు. 2024 నవంబర్ 1ని 01112024 అని రాసిన ఫైల్‌ను ఎవరో ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేశారు. ఎక్సెల్‌కు అది మామూలు అంకె కాబట్టి ముందున్న సున్నా పోయి 1112024 మిగిలింది. స్ట్రిప్‌టైమ్‌లో రోజుకు, నెలకు ముందు సున్నా ఉండి తీరాలన్న నియమం లేదు. కాబట్టి అది రోజుకు 11, నెలకు 1, ఏడాదికి 2024 తీసుకుని, జనవరి 11 అని ఎర్రర్ లేకుండా ఇచ్చేస్తుంది. మొండిది అనుకున్న ఫంక్షనే ఇక్కడ తప్పు చదివింది. మందు చిన్నదే. పార్స్ చేసే ముందు స్ట్రింగ్ పొడవు చూడండి, ఏడంకెలు ఉంటే జెడ్‌ఫిల్‌తో ముందు సున్నా చేర్చి ఎనిమిదికి నింపండి. ఏడు, ఎనిమిది కాక ఇంకో పొడవు కనబడితే పక్కన పెట్టండి.

రెండోది రెండంకెల ఏడాది. చిన్న వై ఇస్తే 69 నుంచి 99 వరకు 1900ల్లోకి, 00 నుంచి 68 వరకు 2000ల్లోకి వెళ్తాయి. పింఛన్ల లిస్టులో పుట్టిన తేదీ 12-07-48 అని ఉంటే ఆ పెద్దాయన 2048లో పుట్టబోతున్నాడన్నమాట. డేట్‌యుటిల్ నియమం వేరు. ఇప్పటి ఏడాదికి అటూ ఇటూ యాభై ఏళ్ల లోపు పడేలా చూస్తుంది. కాబట్టి 70 అనేది స్ట్రిప్‌టైమ్‌లో 1970 అయితే, డేట్‌యుటిల్‌లో ఇప్పటికి 2070. పైగా ఆ హద్దు ఏటేటా ఒక ఏడాది జరుగుతుంది, అదే ప్రోగ్రామ్ అదే ఫైల్‌కు కొన్నేళ్ల తర్వాత వేరే జవాబు ఇవ్వవచ్చు. ఏది వాడినా ఒక లైన్ మీరే రాసుకోండి: పుట్టిన తేదీ ఈ రోజు తర్వాతది అయితే ఏడాదిలోంచి వంద తీసేయాలి.

మరికొన్ని త్వరగా చెబుతాను. ఏఎం, పీఎం గుర్తును పన్నెండు గంటల కోడ్ అయిన పెద్ద ఐతోనే వాడాలి. ఇరవైనాలుగు గంటల పెద్ద హెచ్‌తో కలిపితే పీఎంను చదువుతుంది కానీ లెక్కలోకి తీసుకోదు, సాయంత్రం ఆరు ఉదయం ఆరుగానే మిగులుతుంది. ఏడాది లేని లాగ్‌లకు 1900 వేసుకుంటుంది. 1900 లీపు సంవత్సరం కాదు కాబట్టి ఫిబ్రవరి 29 లాగ్ మొత్తం ఎర్రర్ అవుతుంది. స్ట్రింగ్‌కు ముందే ఏడాదిని అతికించి ఇస్తే ఆ బాధ ఉండదు. సెకన్ల తర్వాత భాగాన్ని ఆరంకెల వరకే తీసుకుంటుంది, కొన్ని సర్వర్లు రాసే తొమ్మిదంకెల నానోసెకన్లను ముందే కత్తిరించాలి.

స్ట్రింగ్ 2024-06-02 లేదా దాని వెనక టైమ్, ప్లస్ 05:30 ఉన్న ఐఎస్‌ఓ 8601 (ఏడాది-నెల-రోజు వరసలో రాసే అంతర్జాతీయ పద్ధతి) రూపంలో ఉంటే ఫ్రమ్ ఐఎస్‌ఓ ఫార్మాట్ అనే ఫంక్షన్ చాలు, ఫార్మాట్ ఇవ్వనక్కర్లేదు; నేను ఐఎస్‌ఓ రీడర్ అంటున్నది దీన్నే. పైథాన్ 3.7లో వచ్చింది కానీ 3.11 వచ్చేదాకా చివర్లో జెడ్ అక్షరం ఉంటే చదివేది కాదు. సర్వర్‌లో పాత వెర్షన్ ఉందేమో ముందే చూసుకోండి.

ఊహించేవి: డేట్‌యుటిల్, డేట్‌పార్సర్

డేట్‌యుటిల్ గురించి పైన చెప్పింది విని చాలామంది, డే ఫస్ట్ అనే ఆప్షన్‌ను ట్రూ చేస్తే సరిపోతుంది కదా అంటారు. సగమే నిజం. 02-06-2014 అప్పుడు జూన్ 2గానే వస్తుంది. కానీ అదే కాలమ్‌లో ఏ పోర్టల్ నుంచో వచ్చిన 2024-03-04 ఉంటే? ప్రపంచమంతా మార్చి 4గా చదివే రూపం అది. డే ఫస్ట్ ట్రూ అయ్యేసరికి డేట్‌యుటిల్ ఏడాది తర్వాత రోజు, ఆ తర్వాత నెల అనుకుని ఏప్రిల్ 3 ఇస్తుంది. ఒక గుంట పూడ్చబోయి ఇంకోటి తవ్వినట్టు. ఏడాది ముందున్న స్ట్రింగులను విడిగా తీసి ఐఎస్‌ఓ రీడర్‌కు ఇచ్చి, మిగిలినవే డే ఫస్ట్‌తో చదివిస్తే ఈ గొడవ ఉండదు.

ఫజ్జీ అనే ఆప్షన్ మీద నాకు అస్సలు నమ్మకం లేదు. వాక్యంలోంచి తారీఖును ఏరుతుందని చెబుతారు. రిమార్క్స్ కాలమ్‌లో ఇంగ్లిష్‌లో లారీ 7 బస్తాలు 25 అని ఉంటే, దానికి అది ఈ ఏడాది జూలై 25. తారీఖు లేనే లేదు అని చెప్పే అవకాశం దానికి మీరు ఇవ్వలేదు మరి.

సగం తారీఖులతో ఇంకో చిక్కు ఉంది. మన పహాణీల్లో, పంట లెక్కల్లో, ఆడిట్ కాగితాల్లో సంవత్సరాలు 2009-10, 2010-11, 2011-12 అని ఉంటాయి. డేట్‌యుటిల్ వీటిని 2009 అక్టోబర్, 2010 నవంబర్, 2011 డిసెంబర్ అని చదువుతుంది. రోజు కనబడదు కాబట్టి ప్రోగ్రామ్ నడిపిన తారీఖునే వేసేస్తుంది. 2012-13 దగ్గరికి వచ్చాక 13వ నెల లేదని ఎర్రర్ ఇస్తుంది. పాత మూడేళ్లు తప్పుగా లోపలికి పోయాక, నాలుగో ఏడు ఆగిందన్నమాట. ఇలాంటి కాలమ్‌ను ఏ తారీఖు పార్సర్‌కూ ఇవ్వకండి. అది తారీఖు కాదు, రెండు హద్దులున్న కాలం. గీత దగ్గర విడగొట్టి, మొదటి ఏడాదిని అంకెగా ఉంచుకోండి.

డేట్‌పార్సర్ అనే లైబ్రరీ మరీ ఉదారమైనది. రెండు వందలకు పైగా లొకేల్‌లు (భాష, ప్రాంతాన్ని బట్టి మారే రాత పద్ధతులు) దానికి తెలుసు, అందులో తెలుగూ ఉంది. నిన్న అంటే అర్థమవుతుంది. తెలుగు వెబ్ పేజీల నుంచి వార్తల తారీఖులు తీసే పనికి ఇది బాగుంటుంది. వాడితే మూడు పనులు తప్పక చేయండి: భాష తెలుగు అని ముందే చెప్పండి, డేట్ ఆర్డర్‌ను రోజు-నెల-ఏడాది అని పెట్టండి, స్ట్రిక్ట్ పార్సింగ్ ఆన్ చేయండి. లేకపోతే మార్చి 2024 అన్న చోట కూడా ఇవాళ్టి రోజు అంకె వచ్చి కూర్చుంటుంది. చదవలేనప్పుడు ఎర్రర్ ఇవ్వదు, నన్ అనే ఖాళీ విలువ ఇస్తుంది, కాబట్టి నన్‌లు ఎన్నో లెక్కపెట్టాలి. వేగం కూడా తక్కువే, లక్షల వరసలకు పనికిరాదు.

యారో, పెండ్యులమ్ అనే లైబ్రరీలు కూడా ఉన్నాయి. తారీఖులతో కూడికలు, తీసివేతలు హాయిగా చేసుకోవడానికి మంచివే. వింత ఫార్మాట్లు చదవడం కోసమే అయితే వాటిని తెచ్చుకోనక్కర్లేదు.

పాండాస్ వాడేవాళ్లకు

డేటా పని చేసే పిల్లలు ఎక్కువగా వాడేది పట్టికల డేటా లైబ్రరీ పాండాస్‌లోని టూ డేట్‌టైమ్ ఫంక్షనే. 2023లో వచ్చిన 2.0 వెర్షన్‌తో దాని నడక మారింది. అంతకు ముందు ఒక్కో వరసకు ఒక్కో ఊహ చేసేది, పై మూడు తారీఖులను డేట్‌యుటిల్ లాగే కలగాపులగం చేసేది. ఇప్పుడు మొదటి విలువను చూసి ఫార్మాట్ ఊహించి, మిగతావన్నీ అదే ఫార్మాట్‌లో ఉండాలంటుంది. 02-06-2014 మొదట ఉంటే నెల ముందు అనుకుని, 17-02-2019 దగ్గర ఎర్రర్ ఇస్తుంది. అదే 17-02-2019ని పైకి జరిపితే రోజు ముందు అని గ్రహించి, ఒక వార్నింగ్‌తో అన్నీ సరిగ్గా చదువుతుంది. వరసల క్రమం మారితే ఫలితం మారే ప్రోగ్రామ్‌ను ఎవరికీ ఇవ్వలేం. పైగా ఫైల్‌లో ఒకటో తారీఖు నుంచి పన్నెండో తారీఖు వరకే ఎంట్రీలు ఉంటే ఎర్రరే రాదు, అన్నీ తిరగబడతాయి.

కాబట్టి ఇక్కడా ఫార్మాట్ మీరే ఇవ్వండి.  మిక్స్‌డ్ అన్న ఫార్మాట్ ఇస్తే మళ్లీ పాత పద్ధతికి వెళ్లినట్టే. ఎర్రర్స్‌ను కోయెర్స్ అని పెడితే చదవలేనివన్నీ ఖాళీ అవుతాయి. అది తప్పు కాదు, కానీ ఖాళీ అయిన వరసలను అసలు స్ట్రింగ్‌తో సహా వేరే ఫైల్‌లో రాసి చూడకపోతే మాత్రం పెద్ద తప్పు. అసలు స్ట్రింగ్ ఉన్న కాలమ్‌ను ఎప్పుడూ తీసేయకండి.

ఎక్సెల్ చేతిలో పడి వచ్చిన ఫైల్

ఇది మన ఆఫీసుల్లో రోజూ కనిపించేదే, అందుకే కాస్త నిలబడి చెబుతాను. కాలమ్‌లో సగం 45027 లాంటి అంకెలు, సగం 25/10/2023 లాంటి టెక్స్ట్ ఉంటుంది. చూడగానే రెండు చోట్ల నుంచి వచ్చిన డేటా అనుకుంటాం. నిజానికి ఒకటే ఫైల్, అమెరికా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌లో తెరుచుకుంది. 04/11/2023ను ఎక్సెల్ ఏప్రిల్ 11 అనుకుని తన అంకె 45027గా మార్చింది. 25వ నెల లేదు కాబట్టి రెండోదాన్ని టెక్స్ట్‌గా వదిలేసింది. నవంబర్ 4 అయి ఉంటే ఆ అంకె 45234 కావాలి.

అంకెను తారీఖు చేయడానికి 1899 డిసెంబర్ 30ని మొదలుగా తీసుకుని, ఆ అంకె ఎంతో అన్ని రోజులు కలపాలి. లెక్క 1900 జనవరి 1తో మొదలవుతుంది కదా, రెండు రోజులు వెనక్కి ఎందుకంటే, ఆ రోజును ఎక్సెల్ సున్నా అనకుండా 1 అంటుంది, పైగా 1900లో లేని ఫిబ్రవరి 29ని కూడా లెక్కించింది. పాండాస్‌లో యూనిట్ డి, ఆరిజిన్ 1899-12-30 ఇస్తే 45000కు 2023 మార్చి 15 రావాలి, దాంతో సరిచూసుకోండి.

తారీఖులు వచ్చాక, అంకెల నుంచి వచ్చిన వాటిలో రోజు 12 దాటినది ఒక్కటైనా ఉందా చూడండి. ఉంటే ఆ కంప్యూటర్ సెట్టింగ్ మన పద్ధతిలోనే ఉందని అర్థం, రోజు, నెల మార్చకండి. పెద్ద ఫైల్‌లో ఒక్కటీ లేకపోతే, 13 పైనవన్నీ టెక్స్ట్ వైపే ఉంటే, అంకెలన్నీ తిరగబడ్డాయి. వాటిలో రోజును, నెలను మార్చి, టెక్స్ట్‌ను స్ట్రిప్‌టైమ్‌తో చదవండి. చిన్న ఫైల్ అయితే ఈ ఆనవాలు చాలదు, పంపినవాళ్లకు ఫోన్ చేసి అడగడమే మేలు.

టైమ్ జోన్, తెలుగు టైమ్

స్ట్రింగ్ చివర ఐఎస్‌టీ అని ఉంటే ఏ లైబ్రరీ అయినా దాన్ని మన టైమ్ అని తనంతట తానే సరిగ్గా తేలుస్తుందని నమ్మకండి. ఐర్లాండ్, ఇజ్రాయెల్ కూడా అవే మూడక్షరాలు వాడతాయి. డేట్‌యుటిల్‌కు టీజెడ్ ఇన్ఫోస్ అనే ఆప్షన్‌లో ఆ పేరుకు ఏషియా/కోల్‌కతా అని మీరే ముడిపెట్టాలి. ప్రాజెక్టుల నీటిమట్టం రీడింగులు ఆటోమేటిక్ సెన్సర్ నుంచి వస్తే యూటీసీలో (మన కంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉండవచ్చు. ఉదయం 6 గంటల రీడింగ్ అక్కడ అదే తారీఖు 0:30, ఉదయం 5 గంటలది ముందు రోజు 23:30. రోజువారీ లెక్క వేసే ముందు మన టైమ్‌కు మార్చకపోతే, తెల్లవారుజామున వచ్చిన వరద నిన్నటి ఖాతాలోకి పోతుంది.

తెలుగులో రాసిన టైమ్‌కు మాత్రం రెడీమేడ్ లైబ్రరీ వెతకడం కంటే రెజెక్స్‌తో (టెక్స్ట్‌లో ఒక నమూనాను పట్టే సూత్రంతో) సొంతంగా రాసుకోమంటాను. నెలల పేర్లకు సిస్టమ్ లొకేల్ మార్చే దారి ఉంది కానీ అది ప్రోగ్రామ్ మొత్తాన్నీ మార్చేస్తుంది. పన్నెండు నెలలకు ఒక డిక్షనరీ చాలు. అందులో జులై, జూలై, ఆగస్టు, ఆగష్టు, సెప్టెంబర్, సెప్టెంబరు అన్నీ పెట్టండి. పేరు చివర ఒక్కోసారి కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉంటుంది, ముందే దాన్ని తీసేయండి. లేదంటే రెండు సెప్టెంబర్‌లు ఒకేలా కనబడుతూ ఒకటే దొరుకుతుంది. తెలుగు అంకెలను పైథాన్‌లోని ఇంట్ ఫంక్షన్ బాగానే తీసుకుంటుంది. స్ట్రిప్‌టైమ్ మాత్రం రోజు దగ్గరే ఆగిపోతుంది, కాబట్టి ముందు మార్చి ఇవ్వండి.

గంటల దగ్గర అసలు ఆలోచన పెట్టాలి. ఉ. 9.45, మ. 12.30, సా. 6.15 తేలికైనవి. సాయంత్రానికి పన్నెండు కలపాలి, మధ్యాహ్నం 12కు కలపకూడదు, 1 నుంచి కలపాలి. రాత్రి దగ్గర నియమం మారుతుంది. రా. 9కి పన్నెండు కలుపుతాం. రా. 12.15 అంటే గంట సున్నా అవుతుంది, క్యాలెండర్‌లో తారీఖు మారుతుంది. రాసినవాళ్లు మాత్రం ముందు రోజు తారీఖే వేస్తారు. శుభలేఖల్లో దీనికోసమే జాగ్రత్తగా రాస్తారు: బుధవారం రాత్రి 2.30 గంటలకు, తెల్లవారితే గురువారం. మీ రెజెక్స్ తెల్లవారితే అన్న మాటను తప్పక పట్టాలి. ఫంక్షన్ హాల్ బుకింగ్ యాప్ దాన్ని వదిలేస్తే పెళ్లివాళ్లకు ఒక రోజు ముందు హాల్ రాసిపెట్టినట్టే. ఆ మాట లేకపోయినా వారం పేరు ఉంటుంది. తారీఖును బట్టి వారం లెక్కించి, రాసిన వారంతో పోల్చండి. రెండూ కలవకపోతే ప్రోగ్రామ్ నిర్ణయించకూడదు, మనిషికి చూపించాలి.

ఏ లైబ్రరీకీ తెలియని ఫసలీ

భూమి రికార్డుల డిజిటల్ పని చేసేవాళ్లకు ఇది తగులుతుంది. హైదరాబాద్ సంస్థానం నాటి కాగితాల్లో ఏడాది 1358 ఫసలీ అని ఉంటుంది; ఫసలీ అంటే భూమి శిస్తు లెక్కల ఏడాది. పార్సర్‌కు ఆ అంకె ఇస్తే క్రీస్తు శకం 1358 అనుకోవచ్చు. హైదరాబాద్ సంస్థానంలో ఫసలీ ఏడాది అక్టోబర్‌లో మొదలయ్యేది, కాబట్టి 1358 ఫసలీ అంటే 1948 అక్టోబర్ నుంచి మరుసటి ఏడాది అక్టోబర్ వరకు. 1949 ఆగస్టు నాటి జాగీర్ల రద్దు చట్టాన్ని 1358 ఫసలీ పేరుతోనే చెబుతారు. ఫసలీ మొదలైన అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు 590, జనవరి నుంచి అది ముగిసేదాకా 591 కలపాలి. తర్వాతి రెవెన్యూ లెక్కల్లో ఫసలీ జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. 1430 ఫసలీ 2020 జూలై నుంచి 2021 జూన్ వరకు. కలిపే అంకెలు అవే, కలిపే నెలలు వేరు.

కాబట్టి ఫంక్షన్ రాసేటప్పుడు ఫసలీ అంకెతో పాటు ఆ కాగితం ఏ కాలానిదో కూడా అడగండి. జవాబును ఒక తారీఖుగా కాక మొదలు, చివర అని రెండు కాలమ్‌లలో పెట్టండి. ఫసలీ అంకెను అలాగే మూడో కాలమ్‌లో ఉంచండి. తహసీల్ ఆఫీసులో ఎవరైనా సరిచూడాలంటే పాత పుస్తకంలో వెతికేది ఆ అంకెతోనే.